నేను పూసిన పగులు

11, గురువారం

భూమి కదిలి ఇవాళ్టికి మూడో రోజు. నాకు నవ్వొస్తోంది. పైకి నవ్వితే తంతారు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నవ్వు రాక ఏం చేస్తుంది. పోస్టాఫీసు జానెడు పక్కకి జరిగింది, మెట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఎక్కి నేరుగా నడిస్తే ముక్కు గోడకి కొట్టుకుంటుంది. సెలూన్ ఆయన పెద్ద రోడ్డు నడిమధ్యలో కుర్చీ వేసుకున్నాడు. లారీలు ఆయన్ని చుట్టి పోతున్నాయి. ఆయన కత్తి గడ్డం కింద ఆనించి, కదలొద్దని తిడుతున్నది లారీల్ని కాదు, కుర్చీలో కూర్చున్నవాణ్ణి. లాడ్జికి ముందు గోడ మొత్తం ఊడిపోయింది. రెండో అంతస్తు గదిలో ఒక మంచం, మంచం మీద పరిచిన ఇస్త్రీ చొక్కా, పక్కన చిల్లులు పడ్డ మేజోళ్లు. ఎవరో పెద్దమనిషి. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు గానీ మేజోళ్లు ఎవరు చూడొచ్చారనుకున్నాడు. ఇప్పుడు వీధి వీధంతా చూస్తోంది.

పాత బజారు వైపు వెళ్లలేదు. అటు సంగతి రాయను.

కోపం కూడా వస్తోంది. నవ్వూ కోపమూ ఎక్కిళ్లలాగా ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. పగిలిన ప్రతి స్తంభం దగ్గరా ఆగి లోపల వేలు పెట్టి చూస్తున్నాను. ఇసుక. గోరుతో గీకితే రాలుతోంది. ఆరేళ్లుగా గారపని చేస్తున్నాను, ఆరేళ్లూ ప్రతి మేస్త్రీ చెప్పింది ఒకటే, పైన నున్నగా లాగెయ్ పిల్లా, లోపల ఎవడు చూస్తాడు అని. లాగేశాను. అద్దంలా లాగేశాను. ఆ మేస్త్రీలందర్నీ తెచ్చి ఈ స్తంభాలకి వరసగా కట్టేసి, ఇంకొక్కసారి కదలమని భూమిని బతిమాలాలని ఉంది.

స్కూలు గ్రౌండులో ఒక్క గుడారంలో అమ్మ, అక్క, బావ, నేను. బావ గురక పెడితే పక్క గుడారాల వాళ్లు మళ్లీ కదిలిందనుకుని బయటికి పరిగెత్తుతున్నారు. అమ్మకి ఆయాసం. చుట్టూ ఎక్కడ చూసినా కూలగొడుతున్న దుమ్ము. పగలంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది.

12, శుక్రవారం

పని దొరికింది. కాళ్లు నేల మీద ఆనడం లేదు.

మున్సిపాలిటీ వాళ్లు ఇళ్లు చూడటానికి జట్లు కడుతున్నారు. జట్టుకి ఒక ఇంజనీరు, గోడ సంగతి తెలిసిన ఒక మనిషి. చూసి గుమ్మం పక్కన రంగు గుండ్రం వేస్తారు. పచ్చ అయితే కాపురం ఉండొచ్చు, పసుపు అయితే బాగుచేయించుకోవాలి, ఎరుపు అయితే బయటికే. వరసలో ఇరవై మంది మేస్త్రీలు, వాళ్ల వెనక నేను. నీళ్లు మోయడానికి వచ్చావా అన్నాడొకడు. నువ్వు కట్టిన గోడలు ఎత్తిపొయ్యడానికి వచ్చానన్నాను.

ఇంజనీరు చెవి వెనక ఒక పెన్సిలు, చేతిలో ఒకటి, జేబులో మూడోదాని కోసం వెతుక్కుంటున్నాడు. చదువెంత అని అడిగాడు. ఒళ్లు మండింది. ఐదో తరగతి దాకా బడిలో, మిగతాది సిమెంటు బస్తాల మీదా సినిమా పోస్టర్ల మీదా చదువుకున్నానని చెప్పాను. ఆయన నవ్వలేదు. ఎదురుగా ఉన్న గోడ చూపించి గార ఎక్కడెక్కడ వదిలేసిందో చెప్పమన్నాడు. తాపీ తిరగేసి పిడితో కొట్టుకుంటూ పోయాను. పట్టున్నచోట టంగ్ అంటుంది, వదిలేసినచోట డబ్ అంటుంది. ఇందులో పెద్ద విద్యేముంది. సుద్దముక్కతో తొమ్మిది చోట్ల గీశాను. ఆయన తొమ్మిదిచోట్లా ఉలితో చెక్కి చూశాడు. తొమ్మిదీ బోలు.

"రేపు ఎనిమిదింటికి వచ్చెయ్యండి మేస్త్రీ," అన్నాడు.

ఇరవై మందీ నవ్వారు. ఆడదాన్ని మేస్త్రీ అన్న మగాణ్ణి నేను ఇప్పటిదాకా చూళ్లేదు. పైగా అండీ ఒకటి. వెటకారమేమోనని సాయంత్రం దాకా ఆలోచించాను. వెటకారం కాదు. లేదంటే చాలా లోతైన వెటకారం. ఆ మనిషి నాకు అస్సలు నచ్చలేదు.

13, శనివారం

పదిహేడు ఇళ్లు. పెన్సిలాయన పదమూడుసార్లు మేస్త్రీ అన్నాడు.

14, ఆదివారం

ఇవాళ పెన్సిలాయన పగుళ్లు చదవడం నేర్పాడు. గోడ మీద వెంట్రుకంత పగులు వస్తే అది గారది, వదిలెయ్యొచ్చు. స్తంభం మీద ఏటవాలుగా పోయిన పగులు మాత్రం స్తంభం లోపలిది. అది కనిపిస్తే ఇంకో మాట లేదు, ఎరుపే. అనుమానంగా ఉంటే పగులుకి అడ్డంగా సన్నటి గాజుముక్క అంటించి తేదీ రాస్తాం. పగులు కదిలిందంటే గాజు విరుగుతుంది. గాజుకి వంగడం రాదు, అందుకని అబద్ధమాడటమూ రాదు అన్నాడు. ముందే తయారుచేసి పెట్టుకున్న మాటలా ఉంది. అయినా బాగుంది.

మధ్యాహ్నం అమ్మ శాలువా తేవడానికి మా బిల్డింగుకి వెళ్లాను. ఐదంతస్తులు, పన్నెండు కాపురాలు, నేను కాక ముప్పై తొమ్మిది మంది. బయటి నుంచి చూస్తే దిట్టంగా ఉంది. మేడ మీద నీళ్ల ట్యాంకు కూడా పక్కకి ఒరగలేదు.

కింద మెట్ల పక్క స్తంభం మీద పగులుంది. మోకాలి ఎత్తులో మొదలై భుజం దాకా. చిటికెన వేలు గోరు వరకూ దూరింది.

ఏటవాలు కాదు. నిలువే. కాస్త వంగిన నిలువు.

సాయంత్రం అమ్మకి ఊపిరి అందలేదు. అక్క వీపు రాస్తూ కూర్చుంది. క్యాంపు డాక్టరమ్మ వచ్చి, దుమ్ము లేని చోట ఉంచండి, ఇలాగే సాగితే నేను చెయ్యగలిగిందేం ఉండదు అని చెప్పి పోయింది. దుమ్ము లేని చోటంటే ఇప్పుడు ఆకాశం ఒక్కటే అన్నాడు బావ. అక్క చెంబు విసిరింది, తగల్లేదు. అమ్మకి నవ్వొచ్చి, నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు.

మాది నాలుగో అంతస్తు. కిటికీలన్నీ సరిగ్గా మూసుకుంటున్నాయి. ఇందాక మూసి చూశాను.

15, సోమవారం

మధ్యాహ్నం నీళ్ల ట్యాంకరు వచ్చింది. గ్రౌండంతా బిందెలు పట్టుకుని దాని వెంట పడింది. మా వీధిలో పిట్ట కూడా లేదు. వెళ్లి పని పూర్తిచేసుకుని వచ్చాను.

ఆ పని గురించి రాసుకోవాలి, ఇంత మంచి పని నేను పుట్టాక చెయ్యలేదు. పగులు అంచులు చెక్కి, దుమ్ము ఊదేసి, తడిపాను. ఇటుక రజను, సిమెంటు చిక్కగా కలిపి తాపీ మొనతో పొడిచి పొడిచి కూరాను, ఎక్కడా బోలు లేకుండా. పైన గార. పక్కనున్న పాత గార కాస్త గరుకు, అందుకని బద్దతో లాగకుండా గోనెపట్టా ముక్కతో అద్దాను. రంగు కలవాలి కదా, టీ డికాక్షనులో పొయ్యి మసి కలిపి గుడ్డతో పులిమాను. ఇంటి ఓనరు ఆ స్తంభం మీద ఎప్పుడో 'ఇక్కడ సైకిళ్లు పెట్టరాదు' అని రాయించాడు. పగులు 'ఇక్కడ'ని మింగేసింది. దాన్ని కూడా ఆ వంకర రాతలోనే మళ్లీ రాసి, కొస చెరిగినట్టు బొటనవేలితో తుడిచాను.

వెనక్కి అడుగేసి చూస్తే పగులు ఎక్కడుందో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. ఖాళీ మెట్ల కింద ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వాను.

ఇది దాచడం కాదు. బాగుచెయ్యడం. పసుపు గుండ్రం పడ్డ ఇళ్లలో ఎవరైనా చేయించుకునేది ఇదేగా.

16, మంగళవారం

ఇరవై రెండు ఇళ్లు. మెట్ల పక్క స్తంభం బాగా ఆరుతోంది.

18, గురువారం

మా వీధి వంతు వచ్చింది.

ఇది మీ బిల్డింగా అని అడిగాడు పెన్సిలాయన. అవునన్నాను. అయితే ఇంకాస్త జాగ్రత్తగా చూద్దామన్నాడు. మేడ మీద మొదలుపెట్టి రెండు గంటలు చూశాడు. మూడో అంతస్తు మామ్మ మా వెంటే దిగుతూ, తన మోకాళ్ల నొప్పుల పుట్టుపూర్వోత్తరాలు ఆయనకి చెబుతూ, మధ్యమధ్యలో పచ్చరంగు డబ్బా మూత తీసి నిండుగా ఉందో లేదో చూసుకుంది. వెంట్రుక పగుళ్లు తప్ప ఎక్కడా ఏమీ లేవు. చివరికి మెట్ల పక్క స్తంభం. 'సైకిళ్లు పెట్టరాదు' చదివి, అక్కడున్న నాలుగు సైకిళ్లూ పక్కకి జరిపి, టార్చిలైటు వేశాడు. ఆ వెలుతుర్లో నా పని ఇంకా బాగుంది. నేను ఊపిరి బిగబట్టింది అందుకే.

"కొట్టి చూడండి మేస్త్రీ."

కొట్టాను. టంగ్ అంది.

"ఎలా ఉంది?"

"గట్టిగా ఉంది."

అబద్ధం కాదు. టంగ్ అంది. నేను కూరిన కూరుడు అలాంటిది.

మొదటి రోజయితే ఉలితో చెక్కి చూసేవాడు. ఇప్పుడు నా మాట చాలు ఆయనకి. గుమ్మం పక్కన విస్తరంత పచ్చ గుండ్రం వేశాడు, రంగు కారి చెప్పు మీద పడింది. చుట్టూ చప్పట్లు. మామ్మ నా బుగ్గలు రెండూ పట్టుకుని తలుపు గొళ్లెం ఊపినట్టు ఊపింది. నా తల ఇంకా ఊగుతూనే ఉంది.

19, శుక్రవారం

అందరం ఇళ్లకి వచ్చేశాం. పరుపులు, బకెట్లు, పొయ్యిలు మెట్ల మీద ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఎక్కాయి. బావ రెండు పరుపులు నెత్తిన పెట్టుకుని మలుపు దగ్గర ఇరుక్కుపోయాడు. రోజూ బస్సు తిప్పుతావు, నిన్ను నువ్వు తిప్పుకోలేవా అంది అక్క. మిగతా పదకొండు ఇళ్ల వాళ్లూ పిలిచి టీ ఇచ్చారు. పదకొండు టీలు తాగాను. గుండె డోలు కొట్టినట్టు కొట్టుకుంటోంది. టీ వల్లే.

అమ్మ కిటికీలు మూసుకుని పడుకుని సాయంత్రం దాకా లేవలేదు. ముక్కు కింద వేలు పెట్టి చూశాను. చప్పుడు లేకుండా, సన్నగా, సుఖంగా వస్తోంది ఊపిరి. చాలు. ఇంకెవరేమనుకున్నా నాకు చాలు.

20, శనివారం

పొద్దున చిన్నగా కదిలింది. బల్ల మీద పళ్లెం జారేంత. అందరూ మెట్ల మీదికి పరిగెత్తి, పచ్చ గుండ్రం గుర్తొచ్చి, ఒకళ్లనొకళ్లు చూసుకుని సిగ్గుపడి లోపలికి పోయారు.

స్తంభం మీద వెంట్రుకంత గీత. గార ఆరేటప్పుడు మామూలే. తడి వేలితో రుద్దితే పోయింది.

21, ఆదివారం

గీత మళ్లీ వచ్చింది. పెన్సిలాయన సంచీలోంచి గాజుముక్కలు నాలుగు తెచ్చి, ఒకటి సైకిళ్ల వెనకగా అంటించాను. ఊరికే, ధైర్యం కోసం. మామ్మ కంట పడింది. స్తంభానికి కళ్లజోడు పెట్టావేమే, దానికీ చత్వారం వచ్చిందా అంది. వచ్చింది మామ్మా అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయాక కూడా నేను నవ్వుతూనే ఉన్నాను. ఆపుదామంటే ఆగలేదు.

22, సోమవారం

గాజు విరిగింది. సైకిలు తగిలి ఉంటుంది. ఇంకోటి అంటించాను.

సాయంత్రం. అదీ విరిగింది. సైకిలే. సైకిళ్లన్నీ బయట పెట్టించి మూడోది అంటించాను.

23, మంగళవారం

అక్షరాలు గంతులేస్తున్నాయి. అయినా అన్నీ రాస్తాను.

పొద్దున ఒక ఇంట్లో హాలు మూలకి అడ్డంగా బీరువా పెట్టి ఉంది. పెన్సిలాయన జరపమన్నాడు. తాళాలు పోయాయంది ఇంటావిడ. బీరువా జరపడానికి తాళమెందుకని నేనే భుజం ఆనించి తోశాను. వెనక స్తంభం, స్తంభం మీద ఏటవాలు పగులు. అందుకున్నాను ఇక. ఇంట్లో ఎంతమంది ఉంటారు, వాళ్లందర్నీ తెలిసి తెలిసి దీని కింద పడుకోబెడతావా, అసలు నీకు చేతులెలా వచ్చాయి అని. ఇక చాలు మేస్త్రీ, పాపం అన్నాడు పెన్సిలాయన. నేను ఆపలేదు. వీధిలోకి వచ్చాక కూడా చేతులు తిప్పుతూ తిడుతూనే ఉన్నాను, ఎదురుగా ఎవరూ లేరు. గొంతు బొంగురుపోయింది. అప్పుడు తెలిసింది ఎవర్ని తిడుతున్నానో.

తలనొప్పని చెప్పి ఇంటికి పరిగెత్తాను. ఆయన సంచీ నా భుజం మీదే ఉండిపోయింది. స్తంభం దగ్గర సైకిలు లేదు, మనిషి లేడు. మూడో గాజు రెండు ముక్కలు.

సుత్తి తీసి ఒక్కటిచ్చాను. నా గార, నేను అంత ముద్దుగా అద్దిన గార, అట్టముక్కలా మొత్తం ఊడి కాళ్ల మీద పడింది. వెనకే నేను కూరిందంతా ముద్దలు ముద్దలుగా రాలింది. చిటికెన వేలు గోరు దాకా దూరిన చోట ఇప్పుడు నాలుగు వేళ్లు దూరాయి. లోపల ఇనుప చువ్వ విల్లులా వంగి తగిలింది. ఇసుక జలజలా కారుతోంది.

సుత్తితో రెయిలింగు బాదుకుంటూ, ప్రతి తలుపూ తన్నుకుంటూ ఐదో అంతస్తు దాకా ఎక్కాను. దిగండి దిగండి అంటే ఒక్కరు కదల్లేదు. పచ్చ గుండ్రం ఉందిగా, దీనికి మతి చలించిందన్నారు. అప్పుడు పైనుంచి, ఉన్న కాస్త గొంతుతో అరిచాను.

"ఆ పచ్చరంగు నా అబద్ధం. మెట్ల పక్క స్తంభం పగిలింది. నేనే పూసి దాచాను. దిగండి."

దిగారు. ఆ దిగడం నేను చచ్చేదాకా మర్చిపోను. మామ్మ ఒక చేత్తో ఇస్త్రీపెట్టె, ఇంకో చేత్తో దాని తీగ పట్టుకుని, మోకాళ్ల నొప్పులు మరిచి రెండేసి మెట్లు దూకింది. ఇంటి ఓనరు ఒళ్లంతా సబ్బు నురగతో, ముందు బకెట్టు అడ్డం పెట్టుకుని. రెండో అంతస్తాయన గోడగడియారం చంకన పెట్టుకుని, మేకు నోట కరుచుకుని. బావ అమ్మని వీపున వేసుకుని, నోటితోనే హారన్ కొడుతూ వచ్చాడు, అందరూ నిజంగానే పక్కకి తప్పుకున్నారు. ఆ వీపు మీద అమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. వెనక అక్క. అక్క నా వైపు చూళ్లేదు.

ఆఖర్న నేను దిగి, సంచీలోంచి ఎర్రరంగు తీసి, పచ్చ గుండ్రం మీద నా చేత్తోనే పూశాను. అది మాత్రం ఏం నున్నగా రాలేదు.

24, బుధవారం

ఆయన అడక్కముందే ఆఫీసుకి వెళ్లి చెప్పేశాను. డికాక్షను, మసి, గోనెపట్టా, అన్నీ. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది, అరుపుకి అరుపు నాకు వచ్చు. ఆయన జాబితా ముందేసుకుని పెన్సిలుతో ఒక్కొక్కదానికీ టిక్కులు పెట్టుకుంటూ పోయాడు.

"నూట నాలుగు ఇళ్లు. మీరు కొట్టి చెప్పినవి. అన్నీ మళ్లీ చూడాలి."

"వాటిల్లో ఒక్కదానికీ అబద్ధం చెప్పలేదండీ."

"మీ ఇంటికీ చెప్పలేదనే నిన్నటిదాకా అనుకున్నాను."

తల కొట్టేసినట్టయింది. ఆయన తలెత్తలేదు. ఇకమీదట ఎవరి చెవినీ నమ్మేది లేదు, ప్రతి స్తంభమూ చెక్కే చూడాలి, చెక్కడానికి మనిషి కావాలి అని జాబితాతో చెప్పినట్టు చెప్పాడు. మనిషి మాట్లాడకూడదు, చెక్కి పక్కకి తప్పుకోవాలి, అంతేనట. బల్ల మీద ఉలి ఉంది. నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. తీసుకున్నాను.

పదకొండు ఇళ్లు చెక్కాను. ఆయన నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు.

25, గురువారం

పద్నాలుగు ఇళ్లు. అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి. ఆయన వేలు పెట్టి చూసుకున్నాడు, రాసుకున్నాడు, పక్క ఇంటికి నడిచాడు.

26, శుక్రవారం

బిల్డింగు పడలేదు. కింద ఇనుప గొట్టాలు ఊతం పెట్టారు, కూల్చడానికి వంతు వచ్చేదాకా అలా నిలబడుతుందట. పడి ఉంటే అందరూ నాకు దణ్ణం పెట్టేవాళ్లు. నిలబడింది, అందుకని తిడుతున్నారు.

అమ్మ బస్సులో ఉంది. డిపోలో తిరగని బస్సొకటి అడిగి తెచ్చి బావ గ్రౌండు గేటు దగ్గర పెట్టాడు. అద్దాలన్నీ బిగించేశాడు, దుమ్ము చొరదు. ముందు సీట్లో కాళ్లు చాపుకుని, ఎవరైనా ఎక్కితే తలుపెయ్యి తలుపెయ్యి అంటోంది. ఈ ఉపాయం మొదట్లోనే చెప్పొచ్చుగా అని బావ మీద ఎగిరాను.

"అడిగావా మరదలా? పోయి గోడతో మాట్లాడుకున్నావు గానీ, మాతో ఒక్క మాట అన్నావా?"

బస్సు దిగి, తలుపు చప్పుడు కాకుండా వేశాను. నా జీవితంలో ఇదే మొదటిసారేమో.

సాయంత్రం బిందె పట్టుకుని కుళాయికి బయల్దేరాను. గ్రౌండు ఈ చివర్నించి ఆ చివరికి మా బిల్డింగు వాళ్ల గుడారాలే. మొదటి గుడారంలోంచి మామ్మ మొదలెట్టింది, నీ చేతులు పడిపోను, బుగ్గలు పట్టుకుని ఊపాను కదే నిన్ను అని. ఓనరు సబ్బు కళ్లలో పడి మూడు రోజులుగా మంటట, తన బిల్డింగు పోయినందుకు కంటే అందుకే ఎక్కువ తిట్టాడు. రెండో అంతస్తాయన తిట్టాడు, ఆయన తిట్టింది చాలక భార్య అందుకుంది, వాళ్లిద్దరికీ మాటలు అయిపోతే వాళ్లత్తగారు అందించింది. ఒక నాలుగేళ్ల పిల్ల నాలుక బయటపెట్టింది. అదీ తిట్టుకిందే లెక్క.

మామూలుగా అయితే నేను ఒకటికి నాలుగు అంటించేదాన్ని. ఇవాళ బిందె చంకన పెట్టుకుని మెల్లగా నడిచాను, ఎవర్నీ వదలకుండా, ప్రతి గుడారం ముందూ ఒక్క నిమిషం ఆగి. పడుకున్నవాళ్లు లేచేదాకా ఆగాను. ఐదో అంతస్తు చెవిటి తాతకి వాళ్ల కోడలు నన్ను చూపించి, ఇదే తాతయ్యా అది అని చెవిలో అరిస్తే, ఆయన కర్ర ఎత్తాడు. నాకు నవ్వు పొంగుకొస్తోంది. సిగ్గులేదా నవ్వుతున్నావు అన్నారు. ఏం చెప్పను. వేళ్లు సరిపోక మనసులోనే అంకెలు వేసుకుంటున్నాను. ఇరవై ఆరు. ముప్పై ఒకటి. కుళాయి దగ్గర కనిపించినవాళ్లతో ముప్పై ఆరు. బావ పొద్దునే తిట్టేశాడు, ముప్పై ఏడు. అమ్మ రోజూ తిడుతుంది, ముప్పై ఎనిమిది.

బస్సు పక్కనుంచి వస్తుంటే కిటికీ అద్దం సర్రున జరిగింది. అక్క. మూడు రోజుల తర్వాత నా మొహంలోకి చూసింది. నువ్వు మనిషివేనా, అమ్మని పెట్టుకుని ఆ స్తంభం మీద నాలుగు రోజులు పడుకున్నామే, నీకు నిద్రెలా పట్టిందే దొంగముండా అని మొదలెట్టి, ఊపిరి తిప్పుకోకుండా, ఏడుస్తూ, నేను పుట్టినప్పటి నుంచీ చేసినవన్నీ తవ్వి పోస్తోంది. లోపల్నుంచి అమ్మ, దుమ్మొస్తోంది, తిట్టేదేదో అద్దం మూసి తిట్టవే అంటోంది.

ముప్పై తొమ్మిది. ఒక్కరూ తగ్గలేదు.